గోదావరిలో మా పాత పడవ, మొదటి రోజు



సంక్రాంతికి మేము పెట్టిన నీలం తెరచాప పడవ ఫోటో చూసి చాలామంది ఫోన్ చేసి అడిగిన్రు. లక్నవరమా, పాకాలనా, టికెట్ ఎంత అని. లక్నవరం కాదు, పాకాల కాదు. అది గోదావరి, ఏటూరునాగారం దిక్కు. టికెట్ లేదు, పడవ మాదే. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పుడు కష్టమైతున్నది, అందుకే ఒక్కసారే రాస్తున్నం. రాసేది మేమిద్దరం, అక్కాతమ్ముళ్లం. ఒకరం కేయూలో పీజీ, ఒకరం హన్మకొండలో డిగ్రీ. పడవ నడిపింది మాత్రం మేము కాదు, మా చెల్లె. కొంచెం పొడుగైతది, ఓపికతోటి చదువుండ్రి.

పడవ ఎందుకు కొన్నమో ముందు చెప్పాలె. 2023 జూలై 27 మనలో ఎవరం మర్చిపోలేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. తెలంగాణలో అంతకుముందు ఎక్కడా అంత వాన రికార్డు కాలేదు. ఆ వాన ఆ ఒక్క ఊరి మీదనే పడి ఊకోలేదు. కొండాయిలో జంపన్న వాగు ఎనిమిది మందిని తీస్కపోయింది. మా గూడెం కూడా వాగుకు అవతలనే. ఆ రాత్రి అమ్మ, నాయిన, నాయనమ్మ గుట్ట ఎక్కిన్రు. రెండు రాత్రులు గుట్ట మీదనే, ఒక్క తాడిపత్రి కింద. మేము హన్మకొండలో ఉన్నం. ఇక్కడ నయీంనగర్ నాలా పొంగి రోడ్ల మీద నడుములోతు నీళ్లు. కరెంటు లేదు, ఫోన్లు కలుస్తలేవు. రెండు రోజులు మావాళ్లు ఉన్నరో లేదో మాకు తెల్వది. మూడో రోజు నాయిన ఎవరి ఫోన్ నుంచో చేసి ఒక్కటే మాట అన్నడు. "అందరం ఉన్నం. ఆవు పోయింది."

అప్పటి నుంచి నాయినకు ఒకటే రంది. ఇంటికి ఒక పడవ ఉండాలె. వానకాలం వస్తే బాట తెగుతది, ఎవరో పడవ పెట్టి దాటిస్తే దాటాలె, లేకుంటే ఆగాలె. పురిటి నొప్పులొచ్చినా ఆగాలె, హాస్టల్‌కు పోయే పిల్లలైనా ఆగాలె. నాయిన ఎక్కడ పడవ కనబడ్డా చెయ్యితోటి అంచు తట్టి చూసుడు, ధర అడుగుడు. కొత్త ఫైబర్ పడవ, దానికి మోటరు అంటే మా ఇంట్లో ఎన్నేండ్ల తునికాకు పైసలు కూడబెట్టినా అందేది కాదు.

ఇగ చెల్లె సంగతి. గురుకులంలో చదివేటప్పుడు ఒక ఎండాకాలం రెండు నెలలు హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవ నేర్చుకున్నది. మనకు హుస్సేన్ సాగర్ అంటే బుద్ధుని విగ్రహం, వినాయకుల నిమజ్జనం. అక్కడ పడవ పందేలు జరుగుతయని మాకు కూడా చెల్లె పోయినంకనే తెలిసింది. యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలకు నేర్పుతది, ఆర్మీ ఈఎంఈ వాళ్ల సెయిలింగ్ సంఘం కూడా ఆ నీళ్ల మీదనే ఉన్నది. హైదరాబాద్ పిల్ల కొంగర ప్రీతి 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్ దాకా పోయింది, తెరచాప పడవ మీదనే. చెల్లె నేర్చుకున్నది ఆప్టిమిస్ట్ అనే పిల్లల పడవ. తొట్టి లెక్క ఉంటది, ఒక్కరే కూర్చోవాలె, బరువు 35 కిలోలు. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన, పైసలు లేని ఇంట్ల కూడా చేసుకోవాలని ప్లైవుడ్‌తోటి దాన్ని తయారుచేసిండట. పదిహేనేండ్లు దాటితే ఆ పడవ పందేల్లో ఉండనియ్యరు. చెల్లెకు పదిహేను దాటినయి, ఇంటికొచ్చింది. రెండేండ్లు నీళ్ల మాట ఎత్తలేదు. కాని ఇంట్ల ఏ తాడు కనబడ్డా ఏదో ఒక ముడి వేసి ఇప్పుకుంట కూర్చునేది.

మాలో ఒకరం హన్మకొండలో ఒక రిటైర్డ్ ఆర్మీ సారు మనవడికి ట్యూషన్ చెప్తం. ఆయన ఇంటి వెనక, బాదం చెట్టు కింద, టార్పాలిన్ కప్పి ఏదో పొడుగు సామాను ఉండేది. పాత కారనుకున్నం. ఒకరోజు గాలికి టార్పాలిన్ లేస్తే పడవ ముక్కు కనబడ్డది. ఎంటర్‌ప్రైజ్ అనే రకం. 1956లో బ్రిటన్‌లో జాక్ హోల్ట్ అనే ఆయన గీసిన పడవ. పొడవు నాలుగు మీటర్ల మీద కొంచెం, బరువు 90 కిలోల పైన, ఇద్దరు నడిపేది, రెండు చాపలు, రెండూ లేత నీలం. సారు సర్వీసులో ఉన్నప్పుడు నడిపిండట. రిటైరైనంక ఏదన్నా చెరువులో వేద్దామని తెచ్చుకుంటే మోకాళ్లు ఊకోలేదు. "తీస్కపోతే తీస్కపోండ్రి, చెదలు పట్టకముందు" అన్నడు. ఊరికే అన్నట్టే అన్నడు కాని నాయిన ఊరికే తీసుకునే మనిషి కాదు. 22 వేలకు ఒప్పుకున్నరు. అండ్ల పదివేలు అప్పు.

ఇక్కడ ఒక మాట దాయకుండ రాయాలె. కొనే రోజు నాయిన చెల్లెను అడిగిండు. "బిడ్డా, వాగు దాటుతదా ఇది?" చెల్లె పడవ చుట్టు తిరుగుతున్నది, చెయ్యి దాని మీదనే ఉన్నది. "దాటుతది నాయినా" అన్నది. మేము పక్కనే ఉన్నం. అర అంగుళం కూడా లేని ప్లైవుడ్ చూసినం. మాకూ అనుమానం వచ్చింది. మేమూ ఏం అనలేదు.

బొలెరో పికప్‌లో వేసుకొని బయలుదేరినం. పడవ వెనక్కి అయిదడుగులు బయటికి వచ్చింది, చివరకు ఎర్ర తువ్వాల కట్టినం. ములుగు దగ్గర గట్టమ్మ తల్లి ముంగట బండి ఆపి నాయిన కొబ్బరికాయ కొట్టిండు. కొత్త బండ్లకు కొట్టినట్టే, పడవ ముక్కుకు బొట్టు కూడా పెట్టిండు. అక్కడున్నోళ్లు జాతర మొక్కేమో అనుకున్నరు. దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపి "ఈ కర్రకు కాగితాలేవి" అని అడిగిన్రు. కర్ర కాదు సార్, పడవ అంటే, పడవ దేంతోటి చేస్తరు అన్నరు. మాట తప్పు కాదు! సారు రాసిచ్చిన చీటీ చూపిస్తే గంటకు వదిలిపెట్టిన్రు. తాడ్వాయి అడవిలో చీకటి పడ్డది. చెల్లె వెనకాల పడవలోనే కూర్చున్నది, ఎంత పిలిచినా ముందటికి రాలేదు.

ఇంటికి తెచ్చినంక లొల్లి మొదలైంది. నాయిన రంపం తీసిండు. నిలువు కర్ర, అంటే చాప కట్టే పొడుగు కర్ర, కోసేసి అక్కడ ఒక బల్ల వేస్త అన్నడు. ఎప్పటికన్న పాత మోటరు దొరికితే వెనక బిగిస్త అన్నడు. చెల్లె రంపం మీద చెయ్యి పెట్టింది. "ఒక్కసారి చాపతోటి పోనియ్యి నాయినా. తర్వాత నీ ఇష్టం." అమ్మ రంపం తీస్కపోయి వంటింట్ల పెట్టింది. అట్ల ఒప్పందమైంది. ఒక్క రోజు చాపతోటి, తర్వాత కోత.

పెద్ద చాప రెండు చోట్ల చినిగి ఉండె. వరంగల్ చౌరస్తా దగ్గర షామియానాలు కుట్టే ఒక టైలరు దాన్ని కుట్టిచ్చిండు. "ఇది ఏ దేవుని జెండా అన్నా" అని అడిగిండు, పైసలు మాత్రం షామియానా లెక్కనే తీసుకున్నడు. పడవతోటి రెండు లైఫ్ జాకెట్లు వచ్చినయి, మూడోది తెప్పించినం. అందుకే మూడు జాకెట్లు, ముగ్గురే మనుషులు అని చెల్లె ముందే తేల్చిచెప్పింది. నాయిన "నాకెందుకు, నాకు ఈత వస్తది" అన్నడు. "ఈత వచ్చినోళ్లే ఎక్కువ పోతరు" అన్నది చెల్లె.

పండుగ తెల్లారి పొద్దున ట్రాక్టర్ మీద వేసుకొని గోదావరికి తీస్కపోయినం. జనవరిలో గోదావరి ఎట్లుంటదో మీకు తెలుసు. సగం ఇసుక, సగం నీళ్లు. ఇసుక దిబ్బల నడుమ ఒక పొడుగు మడుగు, నిలకడగ ఉంటది. నాయిన ఎన్నో ఏండ్లు వల వేసిన చోటు అది, లోతు ఎక్కడుందో ఇసుక ఎక్కడుందో ఆయనకు కండ్లు మూసుకున్నా తెలుసు. గూడెంల సగం మంది వెనక వచ్చిన్రు. "ఏందిరా, చేపలకా?" "కాదు." "అవతలికా?" "కాదు." "మరి దేనికి?" దేనికంటే చెప్పడానికి మా దగ్గర మాట లేదు. నీళ్ల మీదికి మనం పోతే పనికే పోతం. వలకు, అవతలి ఒడ్డుకు, ముల్లకట్ట వంతెన పడకముందైతే వాజేడు చుట్టాల ఇంటికి. ఊరికే తిరిగి వచ్చుడు అనేది టూరిస్టుల పని. మాకే సిగ్గనిపించింది. ఒక పెద్దాయన "షికారా" అని నవ్విండు. అవును పెద్దయ్యా, షికారే అన్నం.

తొమ్మిది దాకా ఆకు కదల్లేదు. కర్ర నిలబెట్టి, తీగలు బిగించి, చాప ఎక్కిస్తే తడి లుంగీ లెక్క వేలాడింది. పిల్లలు నవ్విన్రు. పది దాటినంక తూర్పు దిక్కు నుంచి సన్నగ గాలి మొదలైంది. ముందు ఇసుక మీది తుంగ ఊగింది, తర్వాత నీళ్ల మీద ముడతలు పడ్డయి. చెల్లె ఆ ముడతలు చూపించి "అగో, వస్తున్నది" అన్నది. అప్పటిదాకా గాలి కంటికి కనబడుతదని మేము అనుకోలేదు.

మొదటి తడవ చెల్లె, మేమిద్దరం. గాలి వెనక నుంచి ఉన్నది, ఎగువకు పోయినం. ఆ మొదటి అయిదు నిమిషాలు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. మోటరు సప్పుడు లేదు, తెడ్డు సప్పుడు లేదు. పడవ కింద నీళ్లు గొణుగుతున్నయి, అంతే. ఒడ్డు మీద జనం చిన్నగైతున్నరు. మేము ఏం చేస్తలేము, అయినా పోతున్నం.

తర్వాత కాళ్లకు సల్లగ తగిలింది. చూస్తే పడవలో చీలమండ దాకా నీళ్లు. వెనక పలక కింద రూపాయి బిళ్లంత బొక్క ఉంటది, పడవ ఒడ్డు మీదున్నప్పుడు వాన నీళ్లు పోవడానికి. దానికి బిరడా పెట్టాలె. బిరడా ట్రాక్టర్‌లో ఉన్నది! చెల్లె మొఖం ఎర్రగైంది. "రెండు నెలలు రోజూ మొదలు చూసేది అదే" అన్నది. మాలో ఒకరం బొటనవేలు బొక్కలో పెట్టి కూర్చున్నం, ఒకరం చెంబుతోటి నీళ్లు ఎత్తిపోసినం. వెనక్కి తిప్పేటప్పుడు అడ్డకర్ర గిర్రున ఇటు నుంచి అటు తిరిగి, వంగుమన్నా వంగనోళ్ల టోపీ తీస్కపోయి గోదారిలో వేసింది. ఎవరి టోపీనో రాయం.

వచ్చేటప్పుడు గాలి ఎదురు. ఇక్కడే మాకు అసలు విద్య అర్థమైంది. గాలికి ఎదురుగ సూటిగ ఏ చాపా పోదు. కొంచెం ఏటవాలుగ పోతది. ఎట్ల పోతదంటే, పడవ నడుమ ఒక పలక నీళ్లలోకి దిగి ఉంటది. గాలి చాపను పక్కకు తోస్తది, పలక పక్కకు పోనియ్యది. తడి చింతగింజను రెండు వేళ్ల నడుమ నొక్కితే ముందుకు చిటుక్కున ఎగురుతది చూడుండ్రి, పడవ అట్ల ముందుకు జారుతది. కొంత దూరం కుడికి, కొంత దూరం ఎడమకు, గుట్ట మీదికి ఎడ్లబండ్ల బాట వంపులు తిరిగినట్టు. గాలి ఎదురైనా కిందికి పారే నీళ్లు మాకు తోడైనయి, లేకుంటే మధ్యాహ్నం దాకా అక్కడనే తిరిగేటోళ్లం. ఒక దిక్కు ఎక్కువ పోతే పలక ఇసుకకు గీరుకున్నది. ఒడ్డు మీద నుంచి నాయిన చేతులు ఊపి ఎడమ ఎడమ అని మొత్తుకున్నడు. చెల్లెకు గాలి తెలుసు, నాయినకు నేల తెలుసు. పలక పైకి గుంజి, మళ్ల దింపి, ఎట్లనో ఒడ్డుకు చేరినం.

బిరడా సరిగ్గ పట్టలేదు, సాగి ఉన్నది. నాయిన పాత రబ్బరు చెప్పు కోసి, చెక్కి, పాలిథీన్ చుట్టి బొక్కలో కొట్టిండు. చుక్క రాలేదు. ఇప్పటికీ అదే ఉన్నది.

రెండో తడవ అమ్మ, నాయిన. అమ్మ రాను అన్నది. గుట్ట మీది రాత్రుల నుంచి అమ్మ వాగు దాటాలంటే కండ్లు మూసుకొనే దాటుతది. నాయనమ్మ ఒడ్డున కూర్చొని ఉన్నది. ఆమె పడవ ముక్కు మీద దోసెడు నీళ్లు పోసి, పసుపు పెట్టి, అమ్మతోటి కోయలో ఏదో అన్నది. మన కోయలో నీళ్లను ఏరు అంటం. తెలుగులో ఏరంటే పారే వాగు. నాయనమ్మ మాటలో ఏరు అని రెండుసార్లు వచ్చింది, ఏ ఏరో మాకు అర్థం కాలేదు. అమ్మ చీర కొంగు నడుముకు దోపి, జాకెట్ వేసుకొని ఎక్కింది.

వాళ్లు పోయినంక నాయనమ్మ మాకు చెప్పింది, చిన్నప్పుడు గోదాట్ల గుడ్డ కట్టిన పడవలు చూసినానని. అప్పుడు మాకు యాదికొచ్చింది. ఇంగ్లీషోళ్ల కాలంలో ఆర్థర్ కాటన్ ఈ గోదావరిని పెద్ద పడవల బాట చెయ్యాలనుకున్నడు. బీరార్ పత్తి మన ఊర్ల ముంగట నుంచి సముద్రానికి పోవాలె. దుమ్ముగూడెం దగ్గర, మనకు ఎగువన ఇచ్చంపల్లి దగ్గర రాళ్లు అడ్డమని కట్టలు, కాలువలు మొదలుపెట్టిన్రు. ఏండ్ల తరబడి పని చేసి 1871లో ఆపేసిన్రు. పత్తి రైలు మీద పోయింది. దుమ్ముగూడెం కట్ట ఇప్పటికీ ఉన్నది. ఆ లెక్కన మా గూడెం ముంగట నుంచి లోకమంతా పోవాలని నూటయాభై ఏండ్ల కింద ఎవరో కాగితం గీసిన్రు. గూడెంల ఉన్నోళ్లు వాగు దాటుడు మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు.

మేము ఈ ముచ్చట్లలో ఉంటే పక్కనున్న పిల్లగాడు "అన్నా, పడవ ఆగింది" అన్నడు. చూసినం. నది నడుమ, మడుగు మీద, నీలం చాప పటపట కొట్టుకుంటున్నది. పడవ కదుల్తలేదు. ముగ్గురూ కూర్చొనే ఉన్నరు. మునుగుతలేదు, తిరుగుతలేదు, ఊరికే ఆగింది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. బిరడా ఊడిందా? అమ్మకు కండ్లు తిరిగినయా? మాలో ఒకరం నీళ్లలోకి దిగినం, నడుము దాకా పోయి మళ్ల ఆగినం. నాయనమ్మ మాత్రం "కూసోండ్రి, మాట్లాడుకుంటున్నరు" అన్నది. ఆమె చూపు అంత దూరం ఆనదు. ఎట్ల తెలిసిందో ఏమో.

ఏం జరిగిందో తర్వాత ముగ్గురూ మూడు తీర్ల చెప్పిన్రు. కలిపి రాస్తున్నం.

చెల్లె గాలికి ఎదురు వంపులు తిప్పుతున్నదట. నాయిన ఒక్కో వంపుకు ఎంత జాగ పడుతున్నదో కండ్లతోటి కొలుస్తున్నడు. వాగు వెడల్పు ఆయనకు తెలుసు. వరద వస్తే వాగులో ఏమేమి కొట్టుకొస్తయో కూడా తెలుసు, మద్ది మొద్దులు, కరెంటు స్తంభాలు, గొడ్లు. ఆయన చెయ్యి పడవ పక్కపలక మీద పెట్టి నొక్కితే అది లోపలికి వంగింది. "చాప వదులు" అన్నడు. చెల్లె తాడు వదిలింది, పడవ ఆగింది.

"నిజం చెప్పు. వరదల వాగు దాటుతదా?"

"దాటదు నాయినా."

"మొద్దు తాకితే?"

"పగులుతది."

"అప్పుడే తెల్వదా నీకు?"

"తెలుసు."

నాయిన మా ముంగట ఎప్పుడూ పెద్దగ అరవడు. నీళ్ల మీద అరిచిండట. "మరి ఆనాడు నోట్లె ఏం పెట్టుకున్నవ్? ఇరవై రెండు వేలు! నేను గుట్ట మీద మీ అమ్మను, ముసల్దాన్ని పెట్టుకొని కూసున్న. నాకు షికారు పడవ కావాలన్ననా?" చెల్లె ఏడ్చింది. "నాకు పడవ కావాలనిపించింది నాయినా, అందుకే చెప్పలే" అన్నది. అంతకన్న ఏం అనలేదు. పడవ మీద ఎటు లేచి పోతరు? అడుగు పెట్టే జాగ లేదు. ముగ్గురూ మోకాలికి మోకాలు తాకుకుంట అట్లనే కూర్చున్నరు. చాప కొట్టుకుంటనే ఉన్నది.

అప్పుడు అమ్మ అడిగిందట. "అది ఏం కర్ర?"

చుక్కాని కర్ర. చెల్లె కండ్లు తుడుచుకొని చెప్పింది. అమ్మ జరిగి వచ్చి దాన్ని పట్టుకున్నది. "ఇటు తిప్పితే?" "పడవ అటు పోతది." "అటు తిప్పితే?" "ఇటు పోతది." అమ్మ రెండుసార్లు తిప్పి చూసి, "మీ నాయిన లెక్కనే ఉన్నది" అన్నదట. నాయిన నవ్విండని అమ్మ చెప్తది. నవ్వలేదని నాయిన చెప్తడు.

మేము ఒడ్డు నుంచి చూసింది ఇంత. చాప కొట్టుకునుడు ఆగింది, నిండింది, పడవ మా దిక్కు తిరిగింది. వెనకాల చుక్కాని దగ్గర చెల్లె లేదు, అమ్మ ఉన్నది. కొంగు ఎగురుతున్నది, కండ్లు తెరిచే ఉన్నయి. గూడెపు ఆడోళ్లు ఒడ్డు మీద నుంచి అమ్మ పేరు పెట్టి అరిచిన్రు. పడవ సగం వంకరగ వచ్చి ఇసుక ఎక్కింది. మూడో తడవ నాయనమ్మ ఒడ్డునే, కదలని పడవలోనే, కాసేపు కూర్చొని దిగింది. చాలు అన్నది.

సాయంత్రం దాకా నాయిన ఎవరితోటీ మాట్లాడలేదు. మేమిద్దరం ఆయన దగ్గర కూర్చొని, మాకు కూడా అనుమానముండెనని, చెప్పలేదని చెప్పినం. ఎందుకు చెప్పలే అన్నడు. చెల్లె మొఖం చూసి చెప్పలేకపోయినం అన్నం. అది ఒక్కటే కారణం కాదు. రెండేండ్ల నుంచి పడవ పడవ అంటున్న నాయినకు ఏదో ఒకటి దొరికితే ఆ రంది తీరుతదని, మాకు హన్మకొండలో నిద్ర పడుతదని కూడా ఉండె. ఆ మాట ఆయన ముంగట అనలేకపోయినం, ఇక్కడ రాస్తున్నం.

రాత్రి అన్నం తిన్నంక నాయిన లెక్కలు తీసిండు. ఈ పడవ అమ్మితే ఎంత వస్తది? కొనేటోడు ఎవడు? మోటరు పడవకు ఎంత? ఇంటికొకటి కాకపోతే గూడెం మొత్తానికి కలిసి ఒకటి? చెల్లె ఆ చివరి మాట పట్టుకున్నది. గట్టి ఫైబర్ పడవ గూడెం పేరు మీద, వాగుకు అడ్డంగ ఇనుప తాడు, పది మందికి జాకెట్లు, నడిపెటోళ్లు నలుగురు. నడుపుడు ఆమె నేర్పుతది. నాయిన "ముందు వంతెన" అన్నడు. తర్వాతి సోమవారం ములుగు ప్రజావాణిలో మళ్ల దరఖాస్తు ఇచ్చొచ్చిండు. ఈసారి రెండు కాగితాలు, వంతెనకు ఒకటి, పడవకు ఒకటి. రెండోది చెల్లె రాసింది. పెసా చట్టం 1996లో షెడ్యూల్డ్ ప్రాంతాల చిన్న నీటి వనరుల ప్లానింగు, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని ఉన్నది కదా, ఆ ముక్క కూడా పెట్టింది. అది వాగు దాటుడుకు వర్తిస్తదో లేదో లా చదివే అన్నలు, అక్కలు చెప్పాలె. గ్రామసభ తీర్మానం ఎట్ల రాయాల్నో నమూనా ఎవరి దగ్గరన్నా ఉంటే పంపుండ్రి.

ఇంకో రెండు అవసరాలున్నయి. నీళ్లకు ఆగే ప్లైవుడ్ ముక్క వరంగల్‌లో ఎక్కడ దొరుకుతదో తెలిసినోళ్లు చెప్పండి, ఎడమ పక్క అడుగున ఒక పగులున్నది. పాత లైఫ్ జాకెట్లు ఎవరి దగ్గరన్నా ఉంటే ఇంకో రెండు కావాలె, పిల్లల సైజువి. జాకెట్ లేకుండ ఎవరినీ ఎక్కనిస్తలేము. చూస్తానికి వస్తం అన్నోళ్లు రండ్రి, కాని గాలి ఉంటేనే పోతది, మా మీద కోపం చెయ్యద్దు.

నిలువు కర్ర కోయలేదు. నాయిన దాన్ని చూరు కింద, నాగలి పక్కన, రెండు తాళ్లతోటి వేలాడదీసిండు. రంపం ఇంకా వంటింట్లనే ఉన్నది. పడవ ఇప్పచెట్టు కింద బోర్లించి ఉన్నది, దాని మీద కోళ్లు ఎక్కుతున్నయి. చెల్లె కాలేజీకి వచ్చేసింది. ఆమెతోటి నాయిన ఇంకా సరిగ్గ మాట్లాడుతలేడు, ఏమున్నా మాకే ఫోన్ చేస్తడు. మొన్న ఆదివారం చేసి, పంట సంగతి, ఫీజు సంగతి అన్నీ అయినంక, "ఆ నడిమి పలకకు నూనె పెట్టాల్నా, గ్రీజు పెట్టాల్నా, దాన్ని అడుగుండ్రి" అన్నడు. అడిగినం. రెండూ వద్దట, కొవ్వొత్తి రుద్దాలట.